లక్షల స్పీకర్లు, నున్నటి గోడలు

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఈ మధ్య కట్టిన ఏ ఇంటికి పోయినా హాలు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కింద మెరిసే విట్రిఫైడ్ టైల్స్, లేకపోతే గ్రానైటు. గోడలకు పుట్టీ, దాని మీద నున్నటి పెయింటు. పైన జిప్సమ్ సీలింగు, అందులో వరసగా లైట్లు. టీవీ వెనక నిలువు గీతల ప్యానెల్. ఒక పక్క నేల దాకా గాజు తలుపు. చూడముచ్చటగానే ఉంటుంది. అలాంటి హాల్లోకి నాలుగైదు లక్షలు పెట్టి కొన్న టవర్ స్పీకర్ల జత వచ్చి దిగుతుంది. పాట పెట్టగానే సంగతి బయటపడుతుంది. గాయని గొంతు గదంతా పరుచుకుంటుంది గాని మాట పట్టుబడదు. సోఫాలో ఈ చివర కూర్చుంటే బాస్, అంటే అడుగు స్థాయి మోత, కడుపులో గుద్దుతుంది, ఆ చివరకు జరిగితే అసలు బాసే లేదు. అమ్మినాయన ఆంప్లిఫయర్ మార్చమంటాడు. తెలిసిన మిత్రుడు కేబుల్ మార్చమంటాడు. గది సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

ఎత్తితే మాత్రం ఏమవుతుంది? "గోడలకు పరుపులు గొట్టనీకేనా ఇంత వెట్టి ఇల్లు గట్టుకున్నది?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. హాలు పాట వినేవాడొక్కడిదే కాదు. పండుగకు చుట్టాలు కూర్చునేది అక్కడే, పిల్లలు పొర్లాడేది అక్కడే. స్టూడియోల్లో కనిపించే నల్లటి ఫోమ్ ముక్కలు తెచ్చి అంటిస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

అయితే ఈ గొడవ జరగాల్సిన చోట జరగడం లేదని నా అభిప్రాయం. ధ్వని విషయంలో గది పెట్టే ఇబ్బందులు రెండు, రెండింటి స్వభావం వేరు. పై స్థాయి, అంటే సన్నటి శబ్దాల మారుమోతను తగ్గించడానికి కావాల్సింది గోడ మీద వైశాల్యం. అది కంటికి కనిపిస్తుంది, కాబట్టి అందంగా చేసుకోవాలి. చేసుకోవచ్చు కూడా. బాస్‌ను అదుపు చేయడానికి కావాల్సింది మందం. దాన్ని కంటికి కనపడకుండా దాచొచ్చు, కానీ సామాను చేయించక ముందే అనుకోవాలి. జనం మొదటిదాని గురించి పోట్లాడుకుని, రెండోదాన్ని మరిచిపోతారు.

ఈ తేడాకు మూలం అలల పొడవు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 10,000 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే శబ్దపు అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. 1,000 హెర్ట్జ్ అల ఒక అడుగు దాటుతుంది. 50 హెర్ట్జ్ అల ఇరవై రెండున్నర అడుగులు, అంటే మన హాలు పొడవును మించిపోతుంది. ఊలు, దూది, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) వంటి పీచు పదార్థాలు శబ్దాన్ని మింగేది వాటి సందుల్లో గాలి కదిలినప్పుడు. గోడకు ఆనుకున్న చోట గాలి ఒత్తిడికి లోనవుతుంది గాని కదలదు. అల పొడవులో నాలుగో వంతు దూరం జరిగాక కదలిక ఎక్కువ. అంటే 50 హెర్ట్జ్‌కు గోడ నుంచి ఐదున్నర అడుగుల పైమాటే. ఒక అంగుళం ఫోమ్ దానికి ఉన్నా లేనట్టే. కొందరు గోడలకు అంటించే కోడిగుడ్ల అట్టల గురించి చెప్పనే అక్కర్లేదు. ఆ అట్టకు మింగే గుణమూ లేదు, మందమూ లేదు.

ముందు తేలికైనది, పై స్థాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరం తెరిస్తే, లోపల మాట్లాడే మాట ఒక్కటీ అర్థం కాలేదు. అన్న మాట ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. వాలెస్ సబైన్ అనే యువ భౌతిక శాస్త్ర అధ్యాపకుడికి ఆ పని అప్పజెప్పారు. ఆయన పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి రాత్రిపూట కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఇన్ని దిండ్లకు మోత ఇంత తగ్గుతుందని కొలుచుకుంటూ పోయాడు. తెల్లారేసరికి మళ్లీ అక్కడికి చేర్చాలి. ఆ దిండ్ల లెక్క నుంచి పుట్టిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం. అడుగుల్లో చెప్పుకుంటే: గది ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో, అంటే శబ్దాన్ని మింగే శక్తితో భాగిస్తే మారుమోత కాలం, అంటే మోత అణగడానికి పట్టే కాలం, సెకన్లలో వస్తుంది.

మన హాలుకు వేసి చూద్దాం. 16 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. ఘనపరిమాణం 1,920 ఘనపుటడుగులు. గోడలు, నేల, కప్పు కలిపి 944 చదరపుటడుగులు. టైల్స్, సున్నం, పుట్టీ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే మింగుతాయి. కాబట్టి మొత్తం శోషణ, శబ్దాన్ని పూర్తిగా మింగే తలమైతే దాదాపు 28 చదరపుటడుగులకు సమానం. మోత మూడు సెకన్లు దాటుతుంది. ఖాళీ ఇంట్లో గృహప్రవేశం నాడు మాటలు గింగిర్లు తిరిగేది ఇందుకే. గుడ్డ సోఫా, ఒక పక్కంతా బరువైన పరదాలు, కింద తివాచీ, ఇద్దరు మనుషులు వచ్చి చేరితే శోషణ 120 దాకా పోతుంది, మోత 0.8 సెకన్లకు దిగుతుంది. పాట స్పష్టంగా వినాలంటే ఇలాంటి గదికి 0.4, 0.5 దగ్గర ఉండాలి. దానికి ఇంకో 80 చదరపుటడుగుల మంచి ప్యానెల్స్ (చట్రంలో రాక్‌వూల్ పెట్టి గుడ్డ కప్పినవి) సరిపోతాయి. 4×2 అడుగులవి పది. గోడలూ కప్పూ కలిపి చూస్తే పదో వంతు. చిన్న గదుల్లో ఈ సూత్రం అంచనాకే గాని అక్షరాలా నమ్మడానికి కాదు, అయినా బేరం ఎంతలో ఉందో తెలుస్తుంది. గదినంతా పరుపులతో కప్పాల్సిన పనే లేదు.

కప్పకూడదు కూడా. ఉత్సాహంగా గోడలన్నిటికీ పల్చటి ఫోమో తివాచీయో అంటించినవాళ్ల గదుల్లో జరిగేది ఒకటే. పై శబ్దాలన్నీ చచ్చిపోతాయి, బాస్ అట్లనే బుసకొడుతూ ఉంటుంది. ముందుకంటే అధ్వానం. పక్క గోడల నుంచి వచ్చే ప్రతి ప్రతిఫలనమూ శత్రువు కాదని, మంచి స్పీకరైతే వాటివల్ల సంగీతం విశాలంగా వినిపిస్తుందని ఫ్లాయిడ్ టూల్ వంటి పరిశోధకులు చెబుతూ వచ్చారు. కాబట్టి ప్యానెల్స్ ఎన్ని అన్నదానికంటే ఎక్కడ అన్నదే ముఖ్యం. వినేవాళ్లు సోఫాలో కూర్చుని, ఇంకొకరు పక్క గోడ వెంబడి అద్దం జరుపుతూ పోతే, ఎక్కడ అద్దంలో స్పీకర్ కనిపిస్తుందో అక్కడ తగిలి శబ్దం చెవికి వస్తున్నట్టు. ముందు ఆ రెండు చోట్లు, తర్వాత కప్పు మీద అదే లెక్కన, ఆ తర్వాత వినేవాళ్ల వెనక గోడ. మన హాళ్లలో ఒక పక్క కిటికీ, ఇంకో పక్క డైనింగ్‌లోకి తెరిచిన చోటు ఉండటం మామూలు. కిటికీ వైపు పరదా చాలు. అయితే ఆరడుగుల కిటికీకి పన్నెండడుగుల గుడ్డ వేసి కుచ్చుళ్లు పడనివ్వాలి, గాజుకు నాలుగైదు అంగుళాలు ఎడంగా వేలాడదీయాలి. సాపుగా గుంజి కట్టిన పల్చటి పరదా వల్ల చెవికి ఒరిగేది చాలా తక్కువ.

ఇక అందం. ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు ఉన్న సౌకర్యం చాలామందికి లేదు. శబ్దాన్ని మింగేది లోపలి రాక్‌వూల్. పైన కప్పే గుడ్డ శబ్దాన్ని అడ్డుకోకపోతే చాలు. గుడ్డను పెదాలకు ఆనించి ఊదితే అవతలి చెయ్యికి గాలి తగలాలి. నూలు పోచంపల్లి ఇక్కత్ చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతుంది. భూదాన్ పోచంపల్లి 2016లో జిల్లాలు విడదీసినప్పుడు యాదాద్రి భువనగిరికి పోయింది గాని, అంతకుముందు దాకా నల్లగొండ జిల్లాదే. నాలుగడుగుల చట్రానికి బిగించిన ఇక్కత్‌ను చూసి పరుపు అనేవాళ్లు ఉండరు. గోడకు వేలాడే చిత్రమనుకుంటారు. పాలమూరు వైపు వాళ్లకు నారాయణపేట నూలు చీరలున్నాయి. గద్వాల చీరైతే ఒళ్లు నూలు, అంచు పట్టు కాబట్టి, ఒళ్లు ముందుకు పెట్టి జరీ అంచును చట్రం వెనక్కి మడవాలి. జరీలోంచి గాలి పోవడం కష్టం.

గుడ్డ పనిలో రెండు మూడు జాగ్రత్తలున్నాయి. కొత్త నూలు గుడ్డలో గంజి ఉంటుంది, అది సందులను మూసేస్తుంది. ఒకసారి ఉతికి ఆరేశాకే బిగించాలి. ఉతికితే ముడుచుకునేది కూడా ముందే ముడుచుకుపోతుంది. ఇక్కత్ నమూనా గీతలు కొంచెం పక్కకు లాగినా వంకర కనిపిస్తుంది, అందుకని నాలుగు వైపులా ఒక్కో పిన్ను కొట్టుకుంటూ మెల్లగా పోవాలి. రాక్‌వూల్ రెండంగుళాల మందం, ఘనపుమీటరుకు 48 కిలోల సాంద్రతది తీసుకుని, దాని నూగు బయటికి రాకుండా గుడ్డ కింద పల్చటి నాన్ వోవెన్ పొర పరవాలి. చట్రాన్ని గోడకు అతికించకుండా ఇంకో రెండంగుళాలు ఎడంగా తగిలిస్తే పైసా ఖర్చు లేకుండా ఇంకా కింది స్థాయి దాకా పనిచేస్తుంది. నల్లగొండ పత్తి జిల్లా కదా, దూదే నింపుదామంటారా? దూది బాగా మింగుతుంది, అనుమానం లేదు. విదేశాల్లో పాత గుడ్డల నూలుతో చేసిన పలకలు అమ్ముతారు, వాటికి బోరాన్ లవణాలు పట్టించి నిప్పు, పురుగు రాకుండా చేస్తారు. ఆ శుద్ధి లేని దూదిని లైట్ల వైర్లు పోయే గోడకు బిగించొద్దు. రాక్‌వూల్ అంటుకోదు.

నిలువు గీతల ప్యానెల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో దాన్ని శబ్దం కోసమేనని చెప్పి అమ్మడం మొదలైంది. అసలైన రకంలో చెక్క పట్టీల మధ్య నిజంగా ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ వెనక ఫెల్ట్, దాని వెనక ఇంకా పీచు లేదా గాలి. శబ్దం సందుల్లోంచి లోపలికి పోతుంది. మన దగ్గర టీవీ వెనక పెట్టే లూవర్లు ఎక్కువ భాగం గట్టి ప్లాస్టిక్ మిశ్రమం మీద పోసిన గీతలు. లోపలికి పోయే దారి లేదు. ఆ గీతల లోతు అర అంగుళం, ముప్పావు అంగుళం. చాలా పై స్థాయిలో శబ్దాన్ని కొంచెం చెదరగొడుతుందేమో గాని మింగేదేమీ లేదు. అందం కోసమైతే పెట్టుకోండి, మంచిగనే ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టం, బాస్. నీళ్లున్న బిందెను ఎత్తుకుని నడిస్తే, ఒక నడక వేగంలో నీళ్లు ఉన్నట్టుండి అంచు దాటి ఎగిరిపడతాయి. బిందె వెడల్పును బట్టి ఆ వేగం ఉంటుంది. గదిలో గాలికీ అంతే. ఏ రెండు గోడల మధ్య దూరానికి తగ్గ స్థాయి వాటికుంటుంది. 565ను అడుగుల్లో దూరంతో భాగిస్తే వస్తుంది. 16 అడుగులకు 35 హెర్ట్జ్, 12కు 47, 10 అడుగుల ఎత్తుకు 56. బాస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, అంటే మొత్తం ఆట ఈ అంకెల చుట్టే. ఆ స్థాయి స్వరం వచ్చినప్పుడల్లా గోడల దగ్గర గుద్దుతుంది, గది నడిమధ్యలో మాయమవుతుంది. సోఫా రెండు చివర్ల మధ్య తేడాకు కారణం ఇదే. స్పీకర్ లక్షదైనా పది లక్షలదైనా గది కొలతలు మారవు.

పుస్తకాల్లో, వీడియోల్లో దొరికే సలహాలు మన ఇండ్లకు అచ్చంగా ఎందుకు పనికిరావో కూడా ఇక్కడే తెలుస్తుంది. అమెరికాలో ఇండ్లు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సమ్ బోర్డు కొట్టి కడతారు. ఆ బోర్డు బాస్‌కు కంపిస్తుంది. కంపించి, 125 హెర్ట్జ్ దగ్గర పడ్డ శక్తిలో నాలుగో వంతుకు పైగా ఖర్చు చేస్తుంది. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన సిమెంటు స్లాబు కదలవు. లోపలి బాస్ లోపలే తిరుగుతుంది. పక్కింటివాళ్లకు మేలు, వినేవాళ్లకు కష్టం. అక్కడివాళ్లు ఒక మూల పెట్టిన బాస్ ట్రాప్‌తో (బాస్‌ను మింగే మందపాటి దిమ్మెతో) సరిపెట్టుకుంటే, మనకు అంతకు ఎక్కువే కావాలి. గూన పెంకుల పాత ఇండ్లలో ఈ బాధ తక్కువ. పెంకుల సందుల్లోంచి బాస్ బయటికి పోతుంది, కప్పు వాలుగా ఉంటుంది, ఎదురెదురుగా రెండు చదును తలాలు దొరకవు. గూన పెంకుల అర్రలో పెట్టిన మామూలు టేప్ రికార్డర్ వినసొంపుగా ఉండేదని పెద్దవాళ్లంటే అదంతా పాత రోజుల మీద మమకారమే అని కొట్టిపారేయక్కర్లేదు.

స్పీకర్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. స్పీకర్ వెనక్కి వదిలిన బాస్ వెనక గోడకు తగిలి తిరిగి వచ్చి, ముందుకు పోయేదాన్ని ఒక స్థాయిలో కొట్టేస్తుంది. స్పీకర్ ముందు ముఖానికీ గోడకూ ఉన్న దూరాన్ని అడుగుల్లో తీసుకుని 281ని దానితో భాగిస్తే ఆ స్థాయి వస్తుంది. మూడడుగులైతే 94 హెర్ట్జ్, రెండడుగులైతే 140. ఆడియో మిత్రులు "ఇంకా ముందుకు జరుపు" అంటారు, ఇంట్లో వాళ్లు "గోడకు ఆనించు" అంటారు. ఇద్దరి మాటా మన్నించి నడుమ పెడితే ఇద్దరికీ నష్టమే, ఎందుకంటే అలా శబ్దం కొట్టుకుపోయిన గొయ్యి సరిగ్గా గాయకుల గొంతు అడుగు భాగంలో పడుతుంది. దీనికి చక్కటి పరిష్కారం ఒకటుంది, అదీ అందం కోరేవాళ్ల పక్షాన. స్పీకర్‌ను గోడలోకి దించేయడం. ముఖం గోడతో సమంగా ఉంటే వెనక నుంచి తిరిగొచ్చే దారే ఉండదు. పెద్ద రికార్డింగ్ స్టూడియోల్లో ముఖ్యమైన స్పీకర్లను ఇట్లనే గోడలో కూర్చోబెడతారు. ఇటుక గోడ తొలవాల్సిన పని లేదు. టీవీ యూనిట్‌ను గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక అడుగు లోతుతో చేయించి, అందులో స్పీకర్లు ముఖం సమంగా బిగించి, చుట్టూ ఖాళీ రాక్‌వూల్‌తో నింపి, ముందు గుడ్డ తలుపులు పెడితే హాల్లో స్పీకరే కనిపించదు. గోడలో బిగించడానికే తయారుచేసిన రకాలు తీసుకోవాలి. పాత టవర్లను కప్‌బోర్డులో దోపితే బాస్ ఉబ్బిపోతుంది.

తర్వాత మందం ఎక్కడ దాచాలి? మన సామానులోనే చోటుంది. దివాన్ చూడండి. రెండడుగుల లోతు, ఆరడుగుల పొడవు, లోపలంతా ఖాళీ. ముందు పలకకు బదులు చెక్క జాలీ, దాని వెనక గుడ్డ పెట్టించి, లోపల పీచు వదులుగా నింపితే బాస్‌ను మింగే డబ్బా అవుతుంది. దట్టంగా కూరకూడదు, ఇంత లోతులో పల్చటి నింపుడే బాగా పనిచేస్తుంది. పలకతో మూసేస్తే మాత్రం అది మళ్లీ ఉత్త దివానే. పాత ఇండ్లలో సజ్జ మీద పరుపులు, బొంతలు కుక్కి ముందర చీర కట్టేవాళ్లు. గోడా కప్పూ కలిసే అంచులో రెండడుగుల మందం నూలు, గాలి పోయే గుడ్డ. ఇవాళ బాస్ ట్రాప్ పేరుతో అమ్మే వస్తువుకూ దానికీ సూత్రంలో తేడా లేదు. జిప్సమ్ సీలింగు కూడా మనకు కలిసొచ్చేదే. స్లాబుకూ బోర్డుకూ మధ్య ఏడెనిమిది అంగుళాల గాలి ఉంటే, ఆ బోర్డు బరువుకు అది 40, 50 హెర్ట్జ్ ప్రాంతంలో కంపించి కొంత బాస్ తినేస్తుంది. ఆ సందులో రాక్‌వూల్ పరిస్తే ఇంకా మేలు. స్క్రూలు వదులుంటే మాత్రం పాటతో పాటు సీలింగూ పాడుతుంది.

మూలల్లో బాస్ ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ, కాబట్టి ట్రాపులకు మూలలే సరైన చోటు. ఇక్కడ వాస్తు అడ్డం పడుతుంది. ఈశాన్యంలో బరువు వద్దంటారు. వాదించి లాభం లేదు. మిగిలిన మూడు మూలలు తీసుకోండి, గోడా కప్పూ కలిసే అంచులూ లెక్కలోకి వస్తాయి. ధ్వనిశాస్త్రానికి ఆ సర్దుబాటు సమ్మతమే. ఇంకో దారి సబ్‌వూఫర్లు (బాస్ మాత్రమే పలికే స్పీకర్లు) రెండు పెట్టడం. హర్మన్ అనే ఆడియో సంస్థలో టాడ్ వెల్టి 2002లో ఎన్నో అమరికలు పోల్చి చూసి, ఎదురెదురు గోడల నడిమధ్యన ఒక్కొక్కటి పెడితే కూర్చునే చోట్లన్నిటికీ బాస్ దాదాపు సమంగా అందుతుందని చూపించాడు. ఒక గోడ నుంచి పుట్టిన ఊపును ఎదుటిది సగంలోనే అణిచేస్తుంది. పెద్దది ఒకటి మూలకు పెట్టేకంటే చిన్నవి రెండు మేలు. ఒకటి టీవీ యూనిట్‌లో, ఒకటి సోఫా వెనక పోతుంది, ఎవరికీ కనపడదు.

ఇవన్నీ అయ్యాకే మైకుతో కొలిచి సరిదిద్దే పని. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, యూఎస్‌బీ కొలత మైకు ఒకటి ఉంటే ఎవరైనా కొలుచుకోవచ్చు. గదికి తగ్గట్టు ధ్వనిని సరిదిద్దే డిరాక్, ఆడిసీ వంటివి రిసీవర్లలోనే వస్తున్నాయి. అవి పొంగిన చోట కోయగలవు. గొయ్యి పడ్డ చోట నింపలేవు. ఎంత శక్తి పంపితే ఎదురు అలకూ అంతే శక్తి చేరుతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కడం తప్ప లాభం ఉండదు. సోఫాను రెండడుగులు ముందుకు జరిపితే పోయే గోతికి సాఫ్ట్‌వేర్‌తో మందు వేయొద్దు. మనవాళ్లు సోఫాను గోడకు ఆనిస్తారు, బాస్ అన్నిటికంటే ఉబ్బేది అక్కడే. జరపడానికి చోటు లేకపోతే సోఫా వెనక గోడకు నాలుగంగుళాల మందపు ప్యానెల్, తల వెనక భాగమంతా వచ్చేటట్టు.

ఇంకా ముగ్గు పోసే దశలోనే ఉన్నవాళ్లకు పని చాలా సులువు. హాలు చతురస్రంగా వద్దనాలి. 12×12 గదిలో 47 హెర్ట్జ్ పొడవునూ వెడల్పునూ రెండు మార్లు పోగుపడుతుంది. పది అడుగుల ఎత్తుకు ఇరవై అడుగుల పొడవు కూడా మంచిది కాదు, అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ప్లాస్టరింగ్‌కు ముందే ముందు గోడ నుంచి వెనక గోడకు, రెండు పక్క గోడల నడిమధ్యకు ఒక అంగుళం పైపులు వేయించి, పక్కనే సాకెట్లు పెట్టించాలి. గ్రానైటు స్కర్టింగ్ పడ్డాక వైరు కోసం గాడి కొట్టమంటే మేస్త్రి రాడు, వచ్చినా ఆ మరక పోదు.